ఉసిరికాయంత ఉండ

మా అత్త వరదమ్మ వంటింట్లోకి తెల్ల చక్కెర రానిచ్చేది కాదు. పూతలపట్టు నుంచి తెచ్చిన నల్లబెల్లం పాకం పట్టి, వేయించిన రాగిపిండి, నువ్వులు కలిపి, వేడి ఆరకముందే ఉండలు చుట్టేది. చివర మిగిలిన పిండితో ఉసిరికాయంత ఉండ ఒకటి చేసి పొయ్యి పక్క గూట్లో పెట్టేది. అది ఆరేళ్లకే జ్వరంతో పోయిన ఆమె కూతురు మునెమ్మ వంతు.

"నా తర్వాత నువ్వు పెట్టాల శకుంతలా. ఇంతకన్నా పెద్దది మాత్రం చెయ్యొద్దు" అనేది.

నేను తలూపేదాన్ని. తెల్లారేసరికి ఉండ ఉండేది కాదు. మా పాకాల ఊళ్లో చీమలకు కొదవా అనుకునేదాన్ని.

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో అత్త పోయింది. గూట్లో పెట్టే పని నేను మానేశాను. అప్పటికి నా కూతురు సుగుణకు ఆరేళ్లు. తట్టు పోసి లేచి పుల్లలా అయింది. పైన ముందు పళ్లు రెండూ ఊడి ఉన్నాయి. పిప్పరమెంట్లు మానిపించి, అత్త చేసినట్టు రాగి ఉండలే చేసి పెట్టమన్నాడు చిత్తూరు డాక్టరు. పెట్టాను. డబ్బా ఖాళీ అవుతోంది, పిల్ల మాత్రం ఇంకా చిక్కిపోతోంది. నెల తర్వాత తూకం చూసి, "అసలు తినిపిస్తా ఉండావా?" అని డాక్టరు నా మీద కసురుకున్నాడు.

ఇంటికొచ్చి ఆ కోపమంతా దాని మీద చూపించాను. "యాడ పారేస్తా ఉండావే?"

"నేను పారెయ్యలేదమ్మా. అక్క తినేస్తా ఉండాది."

దానికి అక్క లేదు. డబ్బా తెరిచి చూశాను. అడుగున సగం కొరికిన ఉండ ఒకటి ఉంది. దాని మీద రెండు ముందు పళ్ల గాట్లు పక్కపక్కనే, చక్కగా పడి ఉన్నాయి. సుగుణకు ఆ పళ్లే లేవు.

అప్పటికప్పుడు పొయ్యి వెలిగించి మళ్లీ పాకం పట్టాను. అత్త మాట గుర్తుంది. అయినా ముప్పై ఏళ్లుగా ఉసిరికాయంత ముక్కతో సరిపెట్టుకున్న పిల్ల కదా అని కడుపు తరుక్కుపోయింది. సుగుణకు చేసినంత ఉండే చేసి గూట్లో పెట్టాను.

"ఇది నీ వంతు మునెమ్మా. చెల్లెలి వంతు జోలికి రావద్దు."

ఆ తర్వాత డబ్బాలో ఒక్క ఉండ కూడా తగ్గలేదు. ఉగాది నాటికి సుగుణ బుగ్గలు నిండాయి, కొత్త పళ్లూ వచ్చాయి. డాక్టరు మెచ్చుకున్నాడు. నేను మురిసిపోయాను.

ఒక రోజు పొద్దున గూట్లో సగం ఉండ మిగిలి ఉంది. తీసి చూశాను. కొరికిన చోట ముందు పళ్ల గాట్లు లేవు. వాటి చోట నున్నగా ఉంది.

"అక్కకు పళ్లు ఊడినాయమ్మా" అంది సుగుణ, జడ వేయించుకోవడానికి నా ముందు కూర్చుంటూ. "పావడా గూడా పొట్టిదయిపోయిందంట."

అత్త ఉసిరికాయంత దగ్గరే ఎందుకు ఆపేసేదో అప్పుడు అర్థమైంది. ఆమె బిడ్డను ఆకలితో ఉంచలేదు, ఆరేళ్ల దగ్గరే ఉంచింది. పెరిగే పిల్ల ఆ గూట్లో ఎన్నాళ్లు పడుతుంది?

మళ్లీ ఉండలు చేసిన రోజు చివరి ఉండకు కాస్త పిండే తీసుకున్నాను. తగ్గిస్తే సుగుణ వంతు మీదికి వస్తుందేమోనని భయం. అంతకన్నా, పెట్టిన చేత్తో తగ్గించడానికి మనసు రాలేదు. ఇంకాస్త పిండి కలిపి చుట్టాను.

ఆ వారమే రెండు పావడాలకు గుడ్డ కొని, మా వీధిలో బట్టలు కుట్టే సుభాన్‌బీ దగ్గరికి వెళ్లాను. సుగుణ కొలత ఇచ్చి, రెండోది ఇంకో నాలుగు వేళ్లు పొడుగు పెట్టమన్నాను.

"ఉండేది ఒక్క పాపే కదమ్మా. రెండోది ఎవురికి?" అంది ఆమె, టేపు మెడలో వేసుకుంటూ.

"పెద్దదానికి" అన్నాను.