వంటింట్లో తెగిన వేళ్లు

మెల్కోర్ ఎడమచేతి వేళ్లు రెండు రంపం కింద తెగిపడినప్పుడు నేను వాడి పక్కనే ఉన్నాను. ఫోర్‌మన్ డారిల్ పరుగెత్తుకొచ్చాడు. కట్టు కట్టడానికి వచ్చాడనుకున్నాం. వాడు మెల్కోర్ చెవి దగ్గర నోరు పెట్టి, "చూడు మేట్, ఇది మీ ఇంట్లో జరిగింది. వంట చేస్తుంటే కత్తి జారింది. ఆస్పత్రిలో అదే చెప్పాలి. తెలిసిందా?" అన్నాడు.

మెల్కోర్ ముఖం పాలిపోయింది. రక్తం బొటబొటా కారుతోంది. డారిల్ తన కారు సీటు పాడవకుండా, మాంసం చుట్టే ప్లాస్టిక్ షీటు తెచ్చి పరిచి, అప్పుడు ఎక్కించుకున్నాడు. ఛీ! మనిషి పుట్టుక పుట్టినవాడు చేసే పనేనా అది?

మేం ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కోతపనివాళ్లం. ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ లోపలెక్కడో, పశువులు తప్ప మనుషులు నిలవని ఊళ్లో ఈ మాంసం ఫ్యాక్టరీ ఉంది. వీసా కాగితాల్లో మమ్మల్ని 'నైపుణ్యం గల కార్మికులు' అన్నారు. ఎంత మర్యాదో! ఆ వీసాకు స్పాన్సర్ కంపెనీ. ఉండే ఇల్లు కంపెనీది. శాశ్వత వీసాకు పేరు పంపాల్సింది కూడా కంపెనీయే. కంపెనీ వదిలేస్తే, గడువులోగా మరో యజమానిని వెతుక్కోవాలి, లేకపోతే విమానం ఎక్కాలి. అందుకే డారిల్ మమ్మల్ని 'మేట్' అని, అంటే నేస్తం అని, పిలిచినప్పుడల్లా తలూపి పనిలోకి వంగేవాళ్లం.

ఆ సాయంత్రం ప్యాకింగులో పనిచేసే ఫెలిసా అక్క అల్లం వేసి కోడిగంజి కాచి తెచ్చింది. మెల్కోర్ చేతికట్టు చూసి గిన్నె ఠపీమని బల్ల మీద పెట్టింది.

"డాక్టరుకేం చెప్పావురా?"

"వంటింట్లో తెగిందన్నానక్కా."

"నీ మొహం! జన్మలో ఎప్పుడైనా ఉల్లిపాయ తరిగావా నువ్వు?"

"ఏం చెయ్యమంటావ్? ఊళ్లో, ఇలోయిలోలో, నా పెళ్లాం, పిల్ల పెట్టెలు సర్దుకుని కూచున్నారు. పేరు పంపిస్తానన్నాడు డారిల్."

"మెల్కోర్ చేసింది కరెక్టే అక్కా," అన్నాడు ఎలియాస్. మా అందరిలోకీ ముందొచ్చినవాడు, అందరికంటే ఎక్కువ భయపడేవాడూ వాడే. "పేరు వెళ్లేదాకా నోరు మూసుకోవాలి. గొడవలు మనకొద్దు."

వారం తిరక్కుండానే మేనేజర్ హార్వుడ్ మెల్కోర్‌ని ఆఫీసులోకి పిలిచాడు. బయటికొచ్చాక మెల్కోర్ మాకు చెప్పాడు. "కోతపనికి రెండు చేతులూ కావాలంట. ఇంట్లో పోగొట్టుకున్న వేళ్లకి కంపెనీకి సంబంధం లేదంట. స్పాన్సర్‌షిప్ ఆపేస్తున్నారు."

వినండి తమ్ముళ్లారా, ఇదీ వీళ్ల నీతి. మనిషి చేత అబద్ధం చెప్పిస్తారు. ఆ అబద్ధాన్నే చూపించి మెడపట్టి గెంటేస్తారు. వైద్యం ఖర్చు కూడా వాడి నెత్తినే.

ఇంట్లో పెద్ద రభస అయింది. "పోరాడదాం" అన్నవాళ్లు కొందరు, "మనకూ అదే గతి పడుతుంది" అన్నవాళ్లు కొందరు. ఫెలిసా అక్క అందరినీ కసిరింది. "ఇక్కడ వంటింట్లో తెగినవాళ్లు ఇంకెవరెవరు? చెప్పండ్రా, సిగ్గెందుకు?" ఒకడు అరచెయ్యి చాపాడు. డబ్బా మూత తీస్తుంటే తెగిందని చెప్పించారట. ఇంకొకడు పిక్క చూపించాడు. నేను నా బొటనవేలు చూపించాను. ఎలియాస్ మాత్రం చొక్కా చేతులు మణికట్టు దాకా లాక్కుని బయటికెళ్లిపోయాడు.

ఆ శుక్రవారమే కంపెనీ విందు. ఏడాదంతా ఒక్క ప్రమాదం కూడా జరగలేదని పండగ! గేటు దగ్గర బోర్డు, ఆవరణలో పొయ్యిలు, వాటి మీద సాసేజీలు. ఆ కాలుతున్న మాంసం వాసన గేటు దాకా కొట్టింది. మెల్కోర్‌ని ఎవరూ పిలవలేదు. మేమే మా మధ్యన నడిపించుకుని తీసుకెళ్లాం.

హార్వుడ్ గ్లాసెత్తాడు. "మనదంతా ఒకే కుటుంబం. ఈ ఏడాది ఒక్క గాయం కూడా లేదు!"

ఆఫీసువాళ్లు చప్పట్లు కొట్టారు.

"అయ్యగారూ, చిన్న అనుమానం," అంది ఫెలిసా అక్క. "మెల్కోర్ వేళ్లు గాయాల లెక్కలోకి రావా? మాంసం లెక్కలో రాసుకున్నారా?"

చప్పట్లు ఆగిపోయాయి.

"అది వాళ్లింట్లో జరిగింది. అతనే డాక్టరుకి చెప్పాడు."

"అబద్ధం చెప్పాను," అన్నాడు మెల్కోర్. కట్టున్న చెయ్యి పైకెత్తాడు. "డారిల్ చెప్పమంటే చెప్పాను. నా వేళ్లు తెగింది మీ రంపం కింద."

డారిల్ ముందుకు దూకబోతే హార్వుడ్ ఆపాడు. తేనె పూసిన గొంతుతో ఎలియాస్ వైపు తిరిగాడు. "ఎలియాస్, నువ్వు పాతవాడివి. బుద్ధిమంతుడివి. సోమవారం నీ పేరు పంపిస్తున్నాం. నువ్వే చెప్పు. ఇక్కడ ఎవరికైనా గాయమవగా చూశావా?"

ఎలియాస్ తన పళ్లెం వైపు చూశాడు. దాన్ని తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేశాడు.

"చూడకపోవడమేంటి? నా ఒంటి మీదే ఉంది."

"ఆలోచించి మాట్లాడు."

"ఇన్నేళ్లూ ఆలోచించే నోరు మూసుకున్నాను సార్. మెల్కోర్ కూడా మూసుకున్నాడు. ఏం మిగిలింది వాడికి? పంపకండి నా పేరు."

"నాదీ పంపకండి," అన్నాన్నేను. ఆ తర్వాత ఎవరు ఏమన్నారో వినపడలేదు, అందరం ఒక్కసారే అరుస్తున్నాం. ఇంతలో నోరీన్ లేచింది. ఆమె మాతో పనిచేసే ఆ ఊరి మనిషి, మా వీసా బాధ ఆమెకు లేదు. "నా భుజం తోటపనిలో పోయిందని రాయించారు వీళ్లు. నాకు తోట ఎక్కడుంది?" అంది. ఊరివాళ్లలో కొందరు తలదించుకున్నారు. కొందరు లేచి మా వైపు వచ్చారు.

"ఇప్పుడు గేటు దాటినవాడు మళ్లీ లోపలికి రాడు!" డారిల్ కేకపెట్టాడు.

దాటాం. షిఫ్టు నుంచి తిన్నగా విందుకొచ్చాం కాబట్టి తెల్ల బూట్లు, నెత్తురు మరకల ఏప్రన్లు ఒంటి మీద అలాగే ఉన్నాయి. నోరీన్ ముందు నడిచింది. మెల్కోర్‌ని మధ్యలో పెట్టుకుని, ఎర్రదుమ్ము రేపుకుంటూ ఆస్పత్రి దాకా నడిచాం. దుకాణాల్లోంచి జనం బయటికొచ్చి చూశారు. పోలీసు కారొకటి వెనకాలే వచ్చింది. వెనక్కి తిరిగి చూసినవాడు లేడు.

కౌంటరు దగ్గరి అమ్మాయి మమ్మల్ని చూసి బెదిరిపోయింది. "ఇంతమందా? ఎవరికి దెబ్బ తగిలింది?"

"అందరికీనమ్మా," అంది ఫెలిసా అక్క. "డాక్టరుగారిని పిలువు. ఎక్కడెక్కడ తెగిందో ఒక్కొక్కళ్లం చెప్తాం."

ఎలియాస్ అందరినీ తప్పించుకుని ముందుకొచ్చి, చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచాడు.