మంగ్లీ కాలి కట్టు

సూర్యాపేటలో కోదాడ రోడ్డు మీద, ఊరు అయిపోయే చోట, జానకమ్మ ఒక వృద్ధాశ్రమం నడిపేది. ముప్పై ఏళ్లు మిర్యాలగూడలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. మంగయ్య అనే ఆయన పాత ఇల్లు కిరాయికి తీసుకుని, నలుగురు ముసలివాళ్లతో మొదలుపెట్టింది. రెండేళ్లకు పదకొండు మంది అయ్యారు. వంటకు చంద్రమ్మ ఉండేది. మందులివ్వడం దగ్గర్నుంచి పుండ్లు కడగడం దాకా మిగతా పనంతా జానకమ్మదే.

1994 శ్రావణంలో ఆశ్రమానికి మొదటిసారి తనిఖీ వస్తున్నదని కాగితం అందింది. తనిఖీలో అన్నీ సరిగా ఉంటేనే జిల్లా సంక్షేమ కార్యాలయం గుర్తింపు ఇస్తుంది. జానకమ్మ వారం ముందే గోడలకు సున్నం వేయించింది. ఎర్రరంగు బకెట్లలో ఇసుక నింపి వరండాలో వేలాడదీయించింది. మంచానికీ మంచానికీ మధ్య ఎడం టేపు పెట్టి కొలిచింది. రిజిస్టర్లు సరిచేసుకుంది. ఒక్క మంగ్లీ విషయంలోనే ఏం చేయాలో ఆమెకు తోచలేదు.

మంగ్లీది చివ్వెంల దగ్గర తండా. డెబ్బై దాటి ఉంటాయి. పక్షవాతం వచ్చి కాలూ చెయ్యీ మళ్లీ బాగయ్యాయి గానీ, అంతకుముందు చక్కగా మాట్లాడే తెలుగు పూర్తిగా పోయింది. లంబాడీ మాటలే మిగిలాయి. ఆమెకున్నది తమ్ముడి కొడుకు ధర్మా ఒక్కడే. అతనూ భార్యా కూలికి పోతే చూసే దిక్కు లేక ఇక్కడ చేర్పించాడు. వచ్చిన నెలలోనే మంగ్లీ రెండుసార్లు తెల్లవారకముందే గేటు తీసుకుని రోడ్డు మీదికి వెళ్లిపోయింది. రెండోసారి ఒక లారీ ఆమెకు మూరెడు దూరంలో ఆగింది. డ్రైవరు దిగి, ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అప్పగించి, జానకమ్మను నోటికొచ్చినట్టు తిట్టి వెళ్లాడు.

ఆ రోజు నుంచి జానకమ్మ పాత నూలు చీర పేలికతో మంగ్లీ ఎడమ కాలిని రాత్రిళ్లు మంచం కోడుకు కడుతూ వచ్చింది. మెత్తటి గుడ్డ. ముడిలో రెండు వేళ్లు పట్టే సందు ఉందో లేదో రోజూ చూసుకునేది. అయినా మంగ్లీ గుంజుకునేది. చీలమండ చుట్టూ చర్మం కందిపోయి నల్లటి చార పడింది. తెల్లారేసరికి పక్క తడిసిపోయి ఉండేది. జానకమ్మే దుప్పట్లు ఉతికేది.

తనిఖీకి వచ్చినామె పేరు జమునా. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. అనంతగిరి దగ్గర తండాలో పుట్టి చదువుకుని ఉద్యోగంలో చేరింది. బస్సు దిగి, సంచి భుజానికేసుకుని నడిచొచ్చింది. వంటిల్లు చూసింది, నీళ్ల తొట్టి మూత ఎత్తి చూసింది, మందుల డబ్బాల మీద తేదీలు చదివింది. తరువాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతానంది. జానకమ్మ చూపు మంగ్లీ మంచం వైపు పోయింది. తెల్లవారుజామునే కట్టు విప్పేసి మంగ్లీ కాళ్లకు మేజోళ్లు తొడిగింది మరి.

ఆ ఉక్కలో ముసలామెకు మేజోళ్లెందుకని జమునాకు అనుమానం వచ్చింది. మంచం పక్కన నేల మీదే కూర్చుని, "యాడీ" అని పిలిచింది. అమ్మా అని. నెలకోసారి ధర్మా వస్తే తప్ప తన భాష చెవిన పడని మంగ్లీ, ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని ఏకధాటిగా మాట్లాడింది. మాట్లాడుతూనే మేజోడు తానే లాగేసి కాలు ముందుకు చాపింది.

జమునా వరండాలోకి వచ్చి ఎవరు కట్టారని అడిగింది. జానకమ్మ చెప్పడానికి సాకులు సిద్ధం చేసుకునే ఉంది. తీరా ఆ పిల్ల ముఖం చూశాక అవన్నీ వదిలేసింది.

"నేనే కట్టిన" అంది. లారీ సంగతంతా చెప్పింది.

"మీరు భయపడ్డది నాకు అర్థమయితుంది అమ్మా. కానీ మనిషిని కట్టొద్దు. ఇది నేను రాయక తప్పదు." నెల రోజుల్లో మార్చకపోతే గుర్తింపు రాదని, ఇక్కడున్న వాళ్లను వేరే చోటికి పంపాల్సి వస్తుందని జమునా చెప్పింది.

జానకమ్మకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "ఇప్పితే రోడ్డు మీద పడతది. గప్పుడు ఎవరి మీద రాస్తరు మేడం?"

జమునా మెల్లగా, "బయటికి పోవాలె, పోనిస్తలేరు, అదే అంటున్నది ఆమె. ఎటు పోతదో ఎప్పుడన్నా ఎన్క పోయి సూసిన్రా?" అని అడిగింది.

చూడలేదు. మొదటిసారి వెతికి పట్టుకొచ్చింది, రెండోసారి డ్రైవరే తెచ్చి అప్పగించాడు.

జమునా ఆ పూట సూర్యాపేటలోనే మేనత్త ఇంట్లో ఉండిపోయి, మర్నాడు వెలుగు రాకముందే ఆశ్రమానికి వచ్చింది. ఆ రాత్రి కాలికి కట్టు వేయలేదు. మంగ్లీ లేచింది. కుండ దగ్గరున్న చెంబులో నీళ్లు ముంచుకుంది. ఇంటికి ఉన్నది ఒక్కటే గేటు, అది రోడ్డు వైపు. అందులోంచే బయటపడి, రోడ్డు అంచు వెంబడి అటూ ఇటూ చూసుకుంటూ నడిచింది. జానకమ్మా జమునా పదడుగుల వెనకగా నడిచారు. రెండు పక్కలా షెడ్లు, దుకాణాలు. చాలా దూరం పోయాక ఒక మెకానిక్ షెడ్డు వెనక తుమ్మపొదలు కనిపిస్తే అక్కడికి వెళ్లింది. ఖాళీ చెంబుతో రోడ్డు మీదికి తిరిగి వచ్చి, ఏ వైపు పోవాలో తెలియక నడిమధ్యన నిలబడిపోయింది.

జానకమ్మ పరుగున వెళ్లి ఆమెను పక్కకు లాగింది. ఆ రెండుసార్లూ మంగ్లీ చేతిలో చెంబు ఉండటం తాను చూసింది. మతి లేక పట్టుకుపోతున్నదనుకుంది. ముప్పై ఏళ్లు నర్సుగా చేసినా ఆ చెంబు ఎందుకో ఆమెకు తట్టలేదు.

లోపల పాయఖానా ఉంది కదా అని జమునా చేత అడిగించింది. మంగ్లీ చెప్పింది విని జమునా చిన్నగా నవ్వింది. "వంటింటి గోడ పక్కన ఎట్ల కూసుంటరు, గా ఇంట్ల తిండి ఎట్ల తింటరు అంటున్నది."

ఆశ్రమం వెనక మంగయ్యదే ఖాళీ జాగా ఉంది. మధ్యలో గోడ అడ్డం. గోడకు తలుపు పెట్టుకుంటామంటే మంగయ్య ఒప్పుకోలేదు. పాత గోడ, ఒక ఇటుక తీస్తే మొత్తం కూలుతుందన్నాడు. జానకమ్మ రెండుసార్లు వట్టి చేతులతో తిరిగొచ్చింది. మూడోసారి ఆశ్రమంలో ఉండే గోపయ్యను వెంటబెట్టుకుపోయింది. గోపయ్య చిలుకూరు మనిషి, నలభై ఏళ్లు తాపీమేస్త్రీగా చేశాడు. ఎక్కడ కర్రలు ఆపుగా పెట్టి ఎక్కడ కొట్టాలో మంగయ్యకు వివరంగా చెప్పి, గోడ కూలితే మళ్లీ తానే కడతానన్నాడు. మంగయ్య ఆయన వణికే చేతుల వంక చూసి, సరేనన్నాడు.

గోపయ్య స్టూలు మీద కూర్చుని చెబుతుంటే ధర్మా ఇటుకలు తీశాడు. గోడ కూలలేదు. జాగా చివర రేకులు అడ్డం పెట్టి పాయఖానా కట్టారు, చుట్టూ కంచె వేశారు. ఆయాగా పనిచేయడానికి ధర్మా తమ తండా నుంచి శాంతాబాయి అనే ఆమెను తీసుకొచ్చాడు. ఆమె మంగ్లీ గదిలోనే పడుకునేది. నీళ్లు, నొప్పి, ఆకలి, చలి, ఈ మాటలన్నీ లంబాడీలో ఎలా అంటారో ఆమె దగ్గర జానకమ్మ నేర్చుకుంది. జానకమ్మ పలికే తీరు విని మంగ్లీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

అయినా అంతా ఒక్కసారిగా చక్కబడలేదు. తనిఖీ అయిన మూడో వారంలో మంగ్లీ అలవాటు చొప్పున మళ్లీ ముందు గేటు వైపే నడిచింది. శాంతాబాయి గేటు దగ్గర అందుకుంది. ఆ రోజంతా జానకమ్మ చెయ్యి పాత గుడ్డల మూట వైపు పోతూనే ఉంది. కట్టలేదు. మర్నాడు శాంతాబాయి మంగ్లీని చెయ్యి పట్టుకుని వెనక తలుపు దాకా నడిపించింది. ఆ తర్వాతి రోజూ అంతే. నాలుగో వారానికి మంగ్లీ తనంతట తానే అటు తిరిగింది. పక్క తడవడం ఆగిపోయింది. ఒకరోజు అన్నం తింటూ చంద్రమ్మ వైపు చూసి, "ఉప్పెక్కువైంది" అంది తెలుగులో. చంద్రమ్మ గంటె పట్టుకునే జానకమ్మ దగ్గరికి పరుగెత్తింది.

నెల తిరిగాక జమునా మళ్లీ వచ్చింది. మంగ్లీ కాలి చార చాలావరకు మానింది. అలాగని జమునా మిగతావి వదిలిపెట్టలేదు. గదులకు ఇద్దరు ఎక్కువున్నారని, డాక్టరు వారం వారం రావడం లేదని రాసింది. ఆరు నెలల గడువు పెట్టి, గుర్తింపు ఏడాదికే ఇచ్చింది. జానకమ్మ ముఖం ముడుచుకుంది గానీ, ఆ వారమే డాక్టరు ఇంటికి వెళ్లి బతిమాలి శుక్రవారాలు రావడానికి ఒప్పించింది.

మరుసటి ఏడు కోదాడలో కొందరు ఆశ్రమం పెట్టబోతూ, జమునా చెబితే జానకమ్మను పిలిపించుకున్నారు. రిజిస్టర్లు ఎలా రాయాలి, మంచాలెన్ని ఉండాలి అని అడిగారు. జానకమ్మ ముందుగా తాను మనిషిని కట్టిన సంగతి చెప్పింది. ఒకాయన, "అయితే గేటుకి తాళం వెయ్యకూడదంటారా అమ్మా?" అన్నాడు.

"తాళం సంగతి తర్వాత. ముందు ఆ మనిషి ఎటు పోతున్నదో ఎన్కనే నడిచి సూడుండ్రి" అంది జానకమ్మ. అప్పటికే అక్కడ చేరిన ముసలివాళ్లు ముగ్గురున్నారని తెలిసి, వాళ్లను తీసుకురమ్మంది. ఆ ఇల్లంతా తిప్పి చూపించమని వాళ్లనే అడిగి, తాను వాళ్ల వెనకగా బయలుదేరింది.