బాయి చూపించే కార్డు

గోదావరిఖనిలో భూపాల్ నడిపే కంప్యూటర్ల దుకాణానికి ఆదివారం పొద్దున్నే ముగ్గురు వచ్చి కూర్చుంటే, మంచి బోణీయే అని అతను సంబరపడ్డాడు. తీరా చూస్తే కంప్యూటర్‌లో బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ కార్డు కావాల్సింది అరవై రెండేళ్ల అనసూర్యకు. ఆమెకు ఫోను ఎత్తడం వచ్చు, పెట్టేయడం ఇంకా సరిగ్గా రాదు. పక్కన కూతురు సంధ్యారాణి, కరీంనగర్‌లో ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో పని చేస్తుంది. మూడో మనిషి లింగమూర్తి. అనసూర్య భర్త సదయ్యతో కలిసి ఇరవై ఏళ్లు ఒకే బొగ్గుబాయిలో దిగి, పట్టాల మీది టబ్బుల్లోకి బొగ్గు నింపినవాడు. సదయ్య పోయి నాలుగేళ్లయింది.

భూపాల్ బల్ల మీద రెండు డబ్బాలు పెట్టి మొదలుపెట్టాడు.

"ఇది కొత్త మోడల్ పెద్దమ్మా, ఎనిమిది జీబీ. నూట పదిహేను వాట్లే, కరెంటు తక్కువ తింటది. స్పీడు జబర్దస్త్. గిదేమో పాతది. పన్నెండు జీబీ ఉన్నది గని నూట డెబ్బై వాట్లు గుంజుతది, నడక మెల్లగ. కండ్లు మూసుకోని కొత్తది తీస్కోండ్రి."

"కండ్లు మూసుకునేదానికి కార్డెందుకు బిడ్డా? నేను చూద్దామని వచ్చిన," అంది అనసూర్య.

చూడడానికే వచ్చింది మరి. ముప్పై ఒక్క ఏళ్లు మొగుణ్ణి మూడు షిఫ్టులకూ వేళ తప్పకుండా పంపింది. రాత్రి షిఫ్టు వారాల్లో ఆయన పగలు పడుకుంటే, గడపలో కూర్చుని కోళ్లను కూడా అరవనివ్వలేదు. కానీ ఆయన దిగే చోటు ఒక్కనాడూ చూడలేదు. ఆ రోజుల్లో ఆడవాళ్లను బాయిలోకి దిగనిచ్చేవాళ్లు కాదు. "లోపల ఎట్లుంటది?" అని అడిగితే సదయ్య నవ్వి, "ఏముంటది, చీకటి," అనేవాడు. అన్నేళ్ల బతుకును ఒక్క మాటలో దాచేసుకున్నాడని ఆమెకు ఒళ్లు మండేది. మనిషి పోయాక ఆ మంట చల్లారలేదు సరికదా, ఒక్కసారైనా చూడాలన్న ఆశగా ముదిరి నిద్ర లేకుండా చేసింది. చూద్దామంటే బాయి ఏది? ఎప్పుడో మూసేశారు. తర్వాత అక్కడే ఓపెన్‌కాస్ట్ పెట్టి పైనుంచి మొత్తం తవ్వేశారు. ఇప్పుడక్కడ పెద్ద గుంత, ఒడ్డున మట్టిగుట్టలు.

తల్లి దిగులు చూడలేక సంధ్యారాణి రెండేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా కూర్చుని ఆ బాయిని కంప్యూటర్‌లో కట్టింది. కొలతలన్నీ లింగమూర్తి నోటివే. ఎక్కడ మలుపు, ఎక్కడ కప్పు కిందికి వంగేది, ఎక్కడ నీళ్లు కారేవి, అన్నీ ఆయన చెప్పాడు. కట్టడమైతే కట్టింది గానీ ఇంట్లో ఉన్న కంప్యూటర్ దాన్ని మోయలేక ప్రతిసారీ చతికిలపడుతోంది. అందుకే ఆ బాయిని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, దుకాణంలో రెండు కార్డుల మీదా నడిపించి, ఏది బాగా చూపిస్తే అది కొందామని వచ్చారు.

ముందు కొత్త కార్డు బిగించారు. తెర మీద బాయి తెరుచుకుంది. దారి పొడుగునా వెలుగే వెలుగు. సంధ్యారాణి మీట నొక్కగానే దారి సర్రున వెనక్కి పరుగెత్తింది. సెకనుకు తొంభై బొమ్మలు పడుతున్నాయని భూపాల్ తెర మూలన అంకె చూపించి మురిసిపోయాడు. అనసూర్య తెర వైపు వంగి చూసింది. ఇంత చక్కటి చోటుకా ఈయన రోజూ ముఖం వేలాడేసుకుని పోయింది?

"గిదేంది బిడ్డా? బాయా, పెండ్లి పందిరా?" అన్నాడు లింగమూర్తి.

"లైట్లు పెట్టకపోతే ఏం కనవడది కాకా," అంది సంధ్యారాణి.

"కనవడది. గదే బాయంటె. అన్ని ఆర్పెయ్యి, నెత్తి మీద బత్తి ఒక్కటుంచు. ఇంకోటి, కింద ఎవ్వలు ఉరకరు. ఒక్కడు ఉరికితే కప్పు కూలిందని తోటోళ్లందరు బెదురుతరు. నడిచినట్టు నడిపియ్యి."

సంధ్యారాణి నాలుక కరుచుకుంది. ఇళ్లు గీసే చెయ్యి కదా, గదికో దీపం పెట్టడం అలవాటు. దీపాలన్నీ ఆర్పి టోపీకుండే బత్తి ఒక్కటే మిగిల్చింది. నడక కూడా తగ్గించింది.

ఇప్పుడు గోడ దగ్గరికి పోతే తప్ప ఏమీ కనిపించడం లేదు. దగ్గరికి పోతేనేమో కొత్త కార్డు తడబడింది. ఆమె రెండేళ్లు కూర్చుని చెక్కిన వివరమంతా ఆ ఎనిమిది జీబీలో పట్టక, బొగ్గు గోడ అలికేసినట్టయి, బొమ్మ ఆగి ఆగి కదిలింది. భూపాల్ ముఖం చిన్నబుచ్చుకుని పాత కార్డు బిగించాడు. అది సెకనుకు ముప్పై దాటలేదు. కానీ గోడ గోడలా నిలబడింది. ఒక పొర మెరుపు, ఒక పొర మసి, మందు కూరి పేల్చాక సగం మిగిలిన బెజ్జాలు, కప్పు నుంచి చెమటలా ఊరుతున్న నీళ్లు.

"నడిచేటోనికి తొంభై ఎందుకయ్యా, ముప్పై చాలు," అన్నాడు లింగమూర్తి. అంతలోనే లేచి తెర మీద వేలు పెట్టాడు. "వదినె, గిదే. గీడనే కూసోని తినేటోళ్లం. సదన్న గా మూలకు కూసునేటోడు."

అనసూర్య కుర్చీ ముందుకు లాక్కుంది. కూతురు ఆమె వేలు తీసి మీట మీద పెట్టింది. అడుగులో అడుగు వేసుకుంటూ మూలకు పోతే అక్కడో దుంగ, దుంగ మీద ఇంట్లోని టిఫిన్ గిన్నె. చిన్నప్పుడు సంధ్యారాణి కింద పడేస్తే మూతకు పడిన సొట్టతో సహా ఉంది. అనసూర్య బత్తి వెలుగును దుంగ వెనక్కి తిప్పింది. టబ్బు పక్కకు తిప్పింది. మలుపు దాకా పోయి వచ్చింది.

"మీ బాపు ఏడి?"

ఇన్నాళ్లూ బాయి చూడాలి, బాయి చూడాలి అని అందరి ప్రాణం తీసింది గానీ, ఆమె చూడాలనుకున్నది అందులో నడుం వంచి పని చేసుకుంటున్న మనిషిని. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా చెప్పుకోలేదు.

"బాపును పెట్టలేదమ్మా," అంది సంధ్యారాణి మెల్లగా. "బాపు కండ్లకు ఎట్ల కనవడ్డదో గట్ల చేసిన. ఆ బత్తి బాపు నెత్తి మీదిది. అందుకే బాపు కనవడడు."

ఏడుస్తుందేమోనని ముగ్గురూ భయపడ్డారు. ఆమె ఏడవలేదు. మళ్లీ మూలకు పోయి ఆ గిన్నె ముందు నిలబడింది. చుట్టూ ఏమీ లేని చోట, ఉన్న ఒక్క వెలుగులో, ముప్పై ఒక్క ఏళ్లు ఆయన చూసింది ఆమె కట్టిచ్చిన గిన్నెను. ఆ మాట ఇంటికొచ్చి చెప్పడం ఆయనకు చేతకాలేదు, అంతే. ఆమెకు ఆయన మీద కోపం పోయింది. కోపం పోయిన చోట ఆయన కావాలనిపించింది, ఎంతగానంటే ఊపిరాడనంతగా.

"పైకి తొవ్వ ఎటు?" అని లింగమూర్తిని అడిగింది.

"ఎడమకు తిరుగు వదినె. ఇగ మొత్తం చడావే. అలిసి ఉంటం గదా, మాకు ముప్పావు గంట పట్టేది."

అనసూర్య ఎడమకు తిరిగి మీట నొక్కి పట్టుకుంది. బత్తి వెలుగు గుండ్రంగా నేల మీద పడి, ఎత్తుదారిలో ఒక్కో అడుగే ముందుకు కదిలింది. భూపాల్ పది నిమిషాలు ఓపిక పట్టాడు. బయట ఇంకో గిరాకీ వచ్చి నిలబడింది.

"పెద్దమ్మా, పాతదే ఖాయం గదా? బంద్ చేసి ప్యాక్ చెయ్యనా?"

"ఆగు బిడ్డా," అంది అనసూర్య తెర మీంచి చూపు తిప్పకుండా. "జల్ది చెయ్యకు. నేను ఆయనను ఇంటికి తోల్కపోతున్న."