మర్ఫా డోలు విసుగు

హైదరాబాదు ఏసీ గార్డ్స్ బస్తీలో అందరూ నమ్మే మాట ఒకటుంది: సిద్దీల పిల్లలకు దరువు పుట్టుకతోనే వస్తుందట. నేను పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫా డోలును. ఆ నమ్మకానికి దెబ్బలు తిన్నది నేను కనుక, కాస్త విసుక్కునే హక్కు నాకుంది.

మామిడి మొద్దు తొలిచి, మేకతోలు బిగించి నన్ను చేశారు. ఆఫ్రికా నుంచి నిజాము కొలువుకు వచ్చిన సిద్దీ సిపాయిల వంశీకుడు ముబారక్ నన్ను కొన్నాడు. తన కొడుకు సాలిమీన్‌కు తిట్టి, బతిమాలి, ఏళ్ల తరబడి దరువు నేర్పాడు. ఆ సంగతి శుభ్రంగా మరిచిన సాలిమీన్, తన మనవడు ఫైజాన్‌కు ఏమీ నేర్పలేదు.

"మనోళ్లకు నేర్పుడేంది? రక్తంలనే ఉంటది!" అనేవాడు.

పక్క సందులో ఇస్త్రీ బండి నడిపే ఎల్లమ్మ కూతురు మౌనిక ఒకనాడు నేర్పమని వచ్చింది.

"నీకు రాదమ్మా ఇది."

"రాదు కాబట్టే వచ్చిన, తాతా."

సాలిమీన్ నవ్వి నన్ను ఆమె ముందుకు తోశాడు. ఆ తొలినాళ్ల వాయింపు తలచుకుంటే ఇప్పటికీ నా తోలు ముడుచుకుంటుంది. అయినా పిల్ల మానలేదు. ఫైజాన్ నాతో ఫోటోలు దిగేవాడు.

ఇంతలో సాలిమీన్ కుడిచెయ్యి పక్షవాతానికి పడిపోయింది. అతని మర్ఫా బృందం చేతిలో ఉన్నది ఒకే పెళ్లి ఊరేగింపు. అదీ చెడితే ఇక బస్తీలో మర్ఫాను పిలిచేవారుండరు. అయినా బృందాన్ని నడిపే ముందు దరువు మనవడికే అప్పగించాడు. ఆ మహానుభావుడు ఫోటోల్లో మెరవాలని నన్ను తడిగుడ్డతో తుడిచాడు! తోలు నీళ్లు తాగితే డోలుకు గొంతుండదు. ఉన్న ఆ కాస్త గొంతునూ వాడు తాళం తప్పి నలిపాడు. గుర్రం మీది వరుడు సైతం వెనుదిరిగి చూశాడు.

"డీజే పెడదామంటే విన్నరా మీరు?" పెళ్లికొడుకు మేనమామ అరిచాడు.

సాలిమీన్ బృందం వెనక నడుస్తున్న మౌనిక వైపు తిరిగాడు. "మౌనికా, అందుకో బేటీ!"

ఆమె కాగితాలు మండించి, నన్ను సెగకు తిప్పి, తోలు బిగిసిందని వేలితో మీటి చూసి, మొదలుపెట్టింది. వీధి ఊగింది. మేనమామ రుమాలు ఊపుతూ గంతులేశాడు.

"దీన్నంటరు సిద్దీ రక్తమని! ఎవరి మనవరాలు సాబ్ ఈమె?"

సాలిమీన్ ఎడమచేత్తో గడ్డం గోక్కున్నాడు.

"ఎల్లమ్మ బిడ్డ. వాళ్లది భువనగిరి. రోజూ వచ్చి నేర్చుకున్నది."