ఆషాఢంలో నా అరుపు

నేను ఒక పిరికి యంత్రాన్ని. భయపడటమే నా ఉద్యోగం. ఆపరేషన్ బల్ల పక్కన కూర్చుని, పడుకున్న మనిషి వేలికి నా క్లిప్పు తగిలించుకుని, ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో అంకెల్లో చెబుతాను. అంకె తొంభై దిగిందంటే నా పై ప్రాణాలు పైనే పోతాయి, అరిచి గోల చేస్తాను. పేరు పల్స్ ఆక్సీమీటర్. కరోనా రోజుల్లో మీ ఇంటికొచ్చిన బుల్లి పరికరం నాకు చెల్లెలి వరస.

నన్ను ఏ కార్ఖానాలో చేశారో గుర్తులేదు. నాకు బుద్ధి తెలిసింది నార్వేలో, సముద్రపు ఒడ్డునున్న ఒక ఆసుపత్రిలో. ఆ ఆసుపత్రికీ, ఉత్తరాంధ్ర కొండల అంచునున్న ఒక చిన్న ఆసుపత్రికీ పొత్తు కుదిరింది. ఏటా అటు నుంచి ఇద్దరు వచ్చి నెల్లాళ్లు ఆపరేషన్లలో మెళకువలు నేర్పాలి, ఇటు నుంచి ఇద్దరు వెళ్లి నేర్చుకోవాలి. అలా వస్తూ మత్తు డాక్టరు సోల్వై నన్ను విమానంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ఇక్కడివాళ్లు రెండో రోజుకే ఆవిణ్ణి సోల్వమ్మ చేసేశారు. ఆవిడ నేర్పిన మొదటి సూత్రం, మిషను అరిస్తే పరుగెత్తమని. థియేటర్ సిస్టర్ సన్యాసమ్మ నార్వేలో ఆరు వారాలు ఉడకేసిన చేప తిని ఆ సూత్రం ఒంటబట్టించుకొచ్చిన మనిషి. అందరికంటే ముందు ఆమే పరుగెత్తేది.

అంతలో ఆషాఢం వచ్చింది. ఏ గర్భిణి వేళ్లు చూసినా కణుపుల దాకా గోరింటాకు, బాగా పండి నల్లబడిన ఎరుపు. నా వెలుగు వేలిలోంచి దూరి అవతలికి వస్తేనే నాకు కబురు తెలుస్తుంది. ఆ ఎరుపులోంచి సరిగా రాలేదు. ఈ సంగతి నార్వేలో నాకెవరూ చెప్పలేదు మరి. ఒక అమ్మాయి వేలి మీద ఎనభై రెండని హడలిపోయి అరిచాను. అందరూ పరుగెత్తుకొచ్చేసరికి ఆ అమ్మాయి తీరుబడిగా మాగాయ ఊట గురించి మాట్లాడుతోంది. అలా ఆరుసార్లు నా పరువు పోయింది. ఏడోసారికి సన్యాసమ్మ నా గొంతు తగ్గించి, నా నుదుటన ఒక చీటీ అంటించింది. "ఆషాఢంలో అరిస్తే గోరింటాకే. కంగారు పడొద్దు."

నేను వణికిపోయాను. పిరికిదానికి అరుపొక్కటే ఆయుధం. అదీ లాగేసుకున్నారు.

మరుసటి ఆషాఢానికీ చీటీ అలాగే ఉంది. సోల్వమ్మ తన దేశంలో ఉంది. తొలికాన్పు కష్టమై నూకరత్నం అనే అమ్మాయిని బల్ల ఎక్కించారు. పది వేళ్లూ గోరింటాకే. ఇక్కడి మత్తు డాక్టరు భానోజీ గారు నడుము కింద మాత్రమే మొద్దుబారేలా వెన్నుకు మత్తు సూది ఇచ్చారు. ఆ పిల్ల నోరు మూయలేదు. "పాపేనా, బాబేనా? సెప్పండమ్మా సిస్టరమ్మా, అగుపించగానే సెప్పండి!"

మొదట తొంభై ఒకటి చూపించాను. తర్వాత ఎనభై ఏడు. ఎనభై మూడు. గోరింటాకైతే ఇలా మెట్టు మెట్టుగా దిగదు. కిందనే ఆగాల్సిన మత్తు ఛాతీ దాకా పాకి ఊపిరిని పట్టేస్తోంది. ఉన్న కాస్త గొంతుతోనే అరిచాను.

"గోరింటాకేలెండి సార్," అంది సన్యాసమ్మ చీటీ చూపించి. భానోజీ గారు తలూపి సెలైను వైపు తిరిగారు.

డెబ్బై తొమ్మిది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని. నాకు కాళ్లుంటే వెళ్లి ఆయన చొక్కా పట్టుకుని లాగేదాన్ని. నా క్లిప్పులో ఒక మనిషి వేలుంది. ఆ మనిషి పోతోందని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. అంత భయం పగవాడికి కూడా వద్దు.

బిడ్డ బయటికొచ్చి గుక్కపట్టి ఏడ్చింది. నూకరత్నం ఏమీ అడగలేదు.

సన్యాసమ్మ గిరుక్కున తిరిగింది. నూకరత్నం పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. సన్యాసమ్మ నా క్లిప్పు ఊడబెరికి ఆమె చెవి తమ్మెకు తగిలించింది. అక్కడ గోరింటాకు లేదు. డెబ్బై నాలుగు.

"సార్, గోరింటాకు కాదు! పిల్లకి ఊపిరాడట్నేదు సార్!"

భానోజీ గారు ఒక్క అంగలో వచ్చి మాస్కు ముఖానికి అదిమి, గాలి సంచి నొక్కడం మొదలుపెట్టారు. మత్తు దిగేదాకా, ముప్పావుగంట పాటు, ఆమె ఊపిరి ఆయన చేతుల్లోనే ఉంది. తొంభై ఎనిమిది చూపించాక కూడా నాకు దడ తగ్గలేదు.

రెండు ఆసుపత్రులూ ప్రతి శుక్రవారం వీడియోలో కూర్చుని ఆ వారం చేసిన పొరపాట్లు చెప్పుకుంటాయి. గొప్పలు చెప్పుకోవడానికి కాక తప్పులు చెప్పుకోవడానికి మనుషులు కూడటం నేను అక్కడే చూశాను. సన్యాసమ్మ ఆ చీటీని కెమెరా ముందు పెట్టింది. "ఇది అంటించింది నానే. సోల్వమ్మకి సెప్పండి సార్," అంది. భానోజీ గారు ఇంగ్లీషులో చెప్పారు. సోల్వమ్మ అన్న మాటను ఆయన తెలుగు చేశారు. "మిషను పంపాం గానీ, అది ఎలాంటి వేళ్లను పట్టుకోవాలో అడగలేదు. ఆ తప్పు మాది."

ఆ వారం నుంచి, నెలనెలా చూపించుకోవడానికొచ్చే ప్రతి గర్భిణికీ ఒక మాట చెప్పి పంపుతున్నారు. గోరింటాకు మానొద్దు, ఎడమ చూపుడువేలు మాత్రం వదిలెయ్యండి అని. నా గొంతూ పెంచారు. భయం మాత్రం పోలేదు.

మూడేళ్లకు నూకరత్నం మళ్లీ అదే బల్ల ఎక్కింది. మళ్లీ ఆషాఢమే. తొమ్మిది వేళ్లు ఎర్రగా, ఒకటి బోసిగా. ఆ వేలికి క్లిప్పు తగిలించగానే తెలిసింది, ఆమె కూడా వణుకుతోందని.

"ఈపాలి అది అరిస్తే నమ్మండమ్మా," అంది మెల్లగా.

సన్యాసమ్మ స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. ఆఖరి కుట్టు పడేదాకా లేవలేదు.