ఖాసిం సారు ఎర్ర టిక్కులు

నేను ఒక ఫోన్ని. మొన్నటిదాకా చొక్కా జేబులో దర్జాగా తిరిగినదాన్ని, ఇవాళ హైస్కూలు స్టాఫు రూములో బల్ల మీద బోర్లా పడి ఉన్నాను. విసుగొచ్చి బోర్లా పెట్టేవాళ్లుంటారు, బిల్లు కట్టలేక పెట్టేవాళ్లుంటారు. మా సారు నన్ను సిగ్గుతో బోర్లా పెట్టాడు. ఆ సిగ్గులో నాకూ వాటా ఉంది, అందుకే ఈ సోదంతా.

నెల్లూరు అవతల ఒక పెద్ద షెడ్డులో పుట్టాను. నీలం టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు వరసగా కూర్చుని ఒకరు నా పొట్ట బిగిస్తే ఇంకొకరు నా కన్ను అతికించారు. వరస చివరనున్న పిల్ల నన్ను వెలిగించి, అటూ ఇటూ తిప్పి, మళ్లీ ఒకసారి ఆర్పి వెలిగించి, అప్పుడు చీటీ మీద టిక్కు పెట్టింది. ఆ పిల్ల నిజంగా చూసే పెట్టింది. లోకంలోకి వచ్చాక నాకు అలాంటి టిక్కులు పెద్దగా కనబడలేదు.

మొదట నన్ను వాడింది షంషాద్ అనే అమ్మాయి, నర్సింగు చదువుతుండేది. కరోనా రోజులు కావడంతో కాలేజీ అంతా నాలోనే నడిచేది. మేడం పేరు పిలవగానే "ప్రెజెంట్ మేడం" అని పలికి, నన్ను దిండుకు ఆనించి, దుప్పటి ముసుగు తన్నేది షంషాద్. గుండెకు ఎన్ని గదులో మేడం శ్రద్ధగా నాకే చెప్పింది. గుమ్మంలోంచి తొంగి చూసి "పాపం, పొద్దున్నుంచీ చదవతానే ఉంది బిడ్డ" అంటూ టీ గ్లాసు పెట్టి పోయేవాడు వాళ్ల నాన్న. ఆ నాన్నే మా ఖాసిం సారు. షంషాద్ ఉద్యోగంలో చేరి కొత్తది కొనుక్కున్నాక నేను ఆయన జేబులోకి వచ్చాను. చొక్కాలూ చెప్పులూ పెద్దవాళ్ల నుంచి చిన్నవాళ్లకు దిగుతాయి గానీ, ఈ ఇళ్లలో ఫోన్లు మాత్రం పిల్లల దగ్గర్నుంచి పెద్దవాళ్లకు ఎక్కుతాయి.

ఖాసిం సారు కందుకూరు దగ్గర హైస్కూల్లో సోషల్ మాస్టారు. చెడ్డవాడనుకునేరు, కాదు. బెత్తం పట్టని మనిషి. యుద్ధాల పాఠం చెబుతుంటే పక్క క్లాసు పిల్లలు కూడా కిటికీ దగ్గరికి జరుగుతారు. కానీ నోట్సుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన చేయి వేరు, మనిషి వేరు. చేయి టిక్కు పెడుతుంటే మనిషి పక్క సారుతో డీఏ గురించి మాట్లాడుతుంటాడు. మధ్యమధ్య వంటలో ఉప్పు చల్లినట్టు ఒకచోట "శ్రద్ధ లేదు" అనీ, ఒకచోట "దస్తూరి మెరుగుపరచుకొనుము" అనీ రాస్తాడు. తనిఖీ వస్తుందని తెలిస్తే ఆరు నెలల నోట్సులు ఒక్క మధ్యాహ్నంలో ఎర్రబడతాయి. పిల్లలు వరసగా నిలబడి పేజీలు తిప్పుతుంటే ఆయన కలం దూసుకుపోతుంది. ఇది ఆయన ఒక్కడి జబ్బు కాదులెండి. ఆ బడిలో ఎర్ర కలం ఉన్న ప్రతివాళ్లకూ అంతో ఇంతో ఉంది.

నేను వచ్చాక ఆయన పని తగ్గిందా అంటే, ఎక్కడ తగ్గుతుంది? పొద్దున్నే గేటు దగ్గర ఆయన మొహం ఫొటో తీసి హాజరు వేయాలి. మధ్యాహ్న భోజనంలో గుడ్లు ఫొటో తీయాలి, కడిగిన మరుగుదొడ్లు ఫొటో తీయాలి. గుడ్లు ఎన్ని ఉన్నాయో నన్ను అడిగినవాళ్లున్నారు గానీ తిన్న పిల్లలు ఎలా ఉన్నారో ఒక్కరూ అడగలేదు.

అలాంటి రోజుల్లో సువార్త టీచరు వచ్చింది. ఆమె ఇదే బడిలో చదివింది, ఏడులోనూ ఎనిమిదిలోనూ ఖాసిం సారు క్లాసే. ఇప్పుడు అదే స్టాఫు రూములో ఆయన ఎదుటి కుర్చీ. "నా దగ్గర చదివిన పిల్ల" అని చెప్పుకోవడానికి మా సారుకి సందు దొరికితే చాలు. ఆమె కూడా ఆయన వస్తే లేచి నిలబడేది. ఈ వయసులో ఆయనకు మిగిలిన ఆస్తి ఏదైనా ఉందంటే ఆ పిల్ల లేచి నిలబడడమే.

సువార్త తొమ్మిదో తరగతి వాళ్లతో ఒక కొత్త పని మొదలుపెట్టింది. కాగితం ఒకటే, కానీ అది అందరి ఫోన్లలోనూ ఉంటుంది. ఎవరింట్లో వాళ్లు కూర్చుని రాసినా అందరికీ అప్పటికప్పుడే కనబడుతుంది, ఒకరు రాసింది ఇంకొకరు సరిదిద్దొచ్చు. "మన ఊళ్లో ఎవరు ఏం పని చేస్తారు, ఫోన్ వచ్చాక ఆ పని ఎలా మారింది" అన్నది పాఠం. పిల్లలు అమ్మ ఫోనూ మామయ్య ఫోనూ బతిమాలి తీసుకుని, సిగ్నల్ కోసం మిద్దెలెక్కి మరీ రాశారు. ఆకు రకాలు వేరుచేసే పొగాకు గ్రేడింగు కూలీలకు పిలుపు ఇప్పుడు గ్రూపులో ఎలా వస్తుందో ఒకడు రాస్తే, కూలి రేటు అందులో రాయరని ఇంకొకతె దాని కింద చేర్చింది. ఈ పాఠాన్ని ఒంగోలులో టీచర్ల శిక్షణలో చూపించమని సువార్తకు పిలుపొచ్చింది.

ఆమె మా సారు దగ్గరికొచ్చి, "సార్, ఒకసారి మొత్తం చదవండి. ఒకచోట మీ గురించి ఉంది. మీరు సరేనంటేనే చూపిస్తా, లేకపోతే ఆ ముక్క తీసేస్తా" అంది.

"చూస్తాలేమ్మా" అన్నాడు సారు, పరీక్ష హాలు నంబర్లు రాసుకుంటూ.

ఒంగోలు వెళ్లే ముందురోజు ఆమె మళ్లీ మెసేజ్ పెట్టింది, చదివారా సార్ అని. మా సారు ఆ కాగితం తెరవనే లేదు. ఆ సంగతి ఆయన తర్వాత నాకే తెలుసు. అయినా బొటనవేలు తడుముకోకుండా కొట్టింది: "చదివానమ్మా. చాలా బాగుంది. చూపించు." ఆ అబద్ధాన్ని మోసుకెళ్లి ఆమెకు ఇచ్చిందాన్ని నేనే. దాని పక్కన నా టిక్కులు రెండూ నీలంగా మారాయి. నా లోకంలో నీలం టిక్కంటే చూశారని అర్థం, చదివారని కాదు.

మర్నాడు రెండో శనివారం, బడికి సెలవు. మధ్యాహ్నం గోంగూర పప్పుతో భోంచేసి సారు వాలుకుర్చీలో పడుకున్నాడు. అప్పుడు ఆయన మనసులో ముల్లు కదిలింది. చదివానన్న మనిషి గుర్తు ఆ కాగితం మీద ఒక్కటీ లేకపోతే ఆ అమ్మాయి ఏమనుకుంటుంది? తనిఖీ అనగానే ఎర్ర కలం పట్టే అలవాటు ఒక్కసారిగా లేచి కూర్చుంది. నన్ను తీసి కాగితం తెరిచాడు. ఎర్ర టిక్కు గుర్తు ఎక్కడుంటుందో సువార్తే ఒకసారి నేర్పింది.

ఇక చూడండి. ఒక్కో పేరా కింద ఒక్కో టిక్కు. టీవీలో క్రికెట్, చేతిలో నేను. ఒక పేరా కింద "శ్రద్ధ లేదు" అని రాశాడు. ఇంకో పేరా కింద టిక్కు పెట్టి, మరీ ఒకేలా ఉంటే బాగుండదని, అలవాటైన మాట తగిలించాడు.

"ఏం చేస్తన్నారు?" అంది భార్య మాబున్నీ, పచ్చిమిరపకాయలు తుంచుతూ.

"సువార్త పిల్లల పని దిద్దతన్నా."

ఆ కాగితం ఆ క్షణంలో ఇంకెక్కడెక్కడ తెరిచి ఉందో నేను పైన మూలన చూపిస్తూనే ఉన్నాను. సువార్త పేరు చిన్న వృత్తంలో వెలుగుతూనే ఉంది. కానీ ఆవగింజంత వృత్తంలో చూపిస్తే యాభై ఏడేళ్ల కళ్లకు ఏం కనబడుతుంది? ఊరంతా వినబడేలా మోగడం తెలిసిన నాకు, మోగాల్సిన చోట మోగడం తెలియలేదు.

కాసేపటికి నిజంగానే మోగాను. ఏడుకొండలు చేశాడు. బడిలో డ్రిల్ మాస్టారు, సువార్తకు తోడుగా ఒంగోలు వెళ్లాడు. గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు.

"సార్, చేతిలో ఫోన్ కింద పెట్టండి."

"ఎందుకయ్యా?"

"మీ టిక్కులు ఇక్కడ తెర మీద పడతన్నయి సార్."

మా సారు వేలు నా మీదే ఉండిపోయింది. "ఎవురు చూశారు?" అన్నాడు.

"జిల్లా మొత్తం సార్."

సాయంత్రానికి వీడియో వచ్చింది. టీచర్ల గ్రూపులో ఎవరో పెట్టారు, కింద కళ్లనీళ్లొచ్చేలా నవ్వే బొమ్మలు వరసకట్టాయి. మా సారు పెరట్లోకి పోయి, గోడవైపు తిరిగి నన్ను పట్టుకుని చూశాడు. అంత దగ్గరగా ఆయన మొహం నేనెప్పుడూ చూడలేదు.

పెద్ద హాలు. మైకు పట్టుకుని సువార్త. వెనక తెర మీద పిల్లల రాతలు. "ఇది మా తొమ్మిదో తరగతి కెజియా రాసింది. దీన్ని చూపించాలా వద్దా అని భయపడ్డాను" అంటోంది. "ఇందులో ఉన్నది నాకు పాఠం చెప్పిన సారు గురించి. ఆయనకే పంపాను. చదివి, దీన్ని కూడా చూపించు అన్నారు. తన మీద రాసినదాన్ని నలుగురి ముందూ పెట్టమనాలంటే ఎంత పెద్ద మనసుండాలి." హాల్లో చప్పట్లు. ఆమె చదవడం మొదలుపెట్టింది.

"మా ఖాసిం సారు పని పాఠం చెప్పడం, నోట్సులు దిద్దడం. సారుకి అన్ని క్లాసుల నోట్సులూ ఉంటాయి. సంచీ బరువుకి సారు భుజం ఒకపక్కకి ఒంగిపోద్ది. నేను ఒకసారి పానిపట్టు యుద్ధం మధ్యలో మా మేక ఈనిందని రాశాను. రెండు పిల్లలని కూడా రాశాను. సారు టిక్కు పెట్టారు. సారుకి మా మేకంటే ఇష్టమని సంతోషపడ్డాను. సారు చదివుండరు, అంత పనిలో ఎట్టా చదవతారు అంది మా అమ్మ. ఇట్టా ఫోన్లో రాస్తే సారుకి సంచీ మోసే పనుండదు. అప్పుడు చదవడానికి టైము ఉంటది."

ఆమె అక్కడిదాకా వచ్చేసరికి తెర పైభాగంలో మొదటి టిక్కు పడింది. పక్కనే ఖాసిం పీరా అని పేరు. తర్వాత ఇంకోటి. ఒక పేరా చదవడానికి పట్టే సమయం ఎంతో హాల్లో అందరికీ తెలుసు. టిక్కులు దానికి ఆగడం లేదు. ఎవరో కిసుక్కుమన్నారు. "శ్రద్ధ లేదు" పడింది. నవ్వు పెరిగింది. చివరికి కెజియా పేరా కింద టిక్కు పడింది, దాని పక్కనే ఒక్కో అక్షరం నడుచుకుంటూ వచ్చింది: దస్తూరి మెరుగుపరచుకొనుము. ఫోన్లో కొట్టిన అక్షరాలకు దస్తూరి.

హాలు విరగబడి నవ్వింది. కొంచెంసేపే. తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నారు, ఎవరో సంచీ కుర్చీ కిందికి జరుపుకున్నారు, అంతా సద్దుమణిగింది. వాళ్లూ టీచర్లేగా. సువార్త మాత్రం నవ్వలేదు. తెర వైపు తిరిగి ఆ రెండు మాటలూ చదువుకుంది. తర్వాతి పేజీకి వెళ్లింది.

ఆ రాత్రి మా సారు అన్నం ముట్టలేదు. ఆదివారం పొద్దున వాలుకుర్చీలో కూర్చుని ఆ కాగితం మొదటి అక్షరం నుంచి చదివాడు. టీవీ పెట్టలేదు. కెజియా పేరా దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ చదివాడు. తన టిక్కులన్నీ ఒక్కొక్కటిగా తుడిచేశాడు. నా మీద అవి ఇట్టే పోయాయి. నాకు ఒళ్లంతా సిగ్గుగా ఉంది. ఆయన చదువుతున్నాడు, అదీ ఇప్పుడు.

సోమవారం ఫస్టు బెల్లుకు ముందే స్టాఫు రూముకి వచ్చాడు. సువార్త అప్పటికే ఉంది. ఆయన్ని చూసి లేచి నిలబడింది, ఎప్పటిలాగే. ఆ లేవడం ఆయన్ని ఇంకా కుంగదీసింది.

"కూర్చో తల్లీ. నేను చదవలేదమ్మా."

"తెలుసు సార్."

"ఎందుకు తెలవదులే. శనివారం జిల్లా అంతటికీ తెలిసిపాయె."

"శనివారం కాదు సార్. ఏడో తరగతి నుంచీ తెలుసు." సువార్త బల్ల మీదున్న చాక్‌పీసు తీసుకుంది. "మా అమ్మ నన్ను బడి మానిపించి పొగాకు గ్రేడింగుకి పంపుతానంటే, మీరొచ్చి మా ఇంట్లో మాట్లాడండి సార్ అని నదుల పాఠం మధ్యలో రాశాను. నోట్సు మీ చేతికే ఇచ్చాను. టిక్కు పెట్టారు."

మా సారు కుర్చీ వీపు పట్టుకున్నాడు. "మరి... బడి మానలేదుగా నువ్వు?"

"ఇంగ్లీషు టీచరు వచ్చి మాట్లాడారు సార్. అయిపోయిందిలే అది." ఆమె గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. "ఈ ఒక్కసారి చదివారనుకున్నా."

బెల్లు మోగింది. ఆమె క్లాసుకి వెళ్లిపోయింది.

అప్పుడే ఆయన నన్ను బోర్లా పెట్టాడు. బోర్లా పెడితే మాకేమీ కనబడదని మనుషుల నమ్మకం. మా పెద్ద కన్ను వీపు మీదే ఉంటుందని గుర్తుండదు. ఏడుకొండలు ఫోన్ చేస్తున్నాడు, బల్ల మీద గుర్రుగుర్రుమంటున్నాను. ఆయన వినడం లేదు. నోట్సుల కుప్పలోంచి కెజియా నోట్సు వెతికి తీశాడు. అలవాటుగా ఎర్ర కలం మూత తీసి, మళ్లీ పెట్టేసి జేబులో దోపుకున్నాడు. మొదటి పేజీ నుంచి, లైను కింద వేలు పెట్టుకుని, ఒకటో తరగతి పిల్లాడిలా చదువుతున్నాడు.

పానిపట్టు దగ్గర వేలు ఆగింది. మేక ఉంది. రెండు పిల్లలూ ఉన్నాయి. వాటి పక్కనే తన టిక్కు. దాని మీద వేలు పెట్టి నెమ్మదిగా రుద్దాడు, నిన్న నా మీద రుద్దినట్టే. వేలు ఎత్తి చూశాడు. అక్కడే ఉంది.