నాలుగో కంచె

నేను ఈ లోకంలో అన్నిటికంటే ఎక్కువ భయపడేది ఒక్కదానికే. నేను వెనక్కి తిరిగిన ఆ ఒక్క నిమిషంలో నా కూతురు కంచె తీగ పట్టుకుంటుందేమోనని. పామంటే భయం లేదు. అత్తయ్యంటే అసలే లేదు. ఆ తీగంటేనే. దాన్ని కట్టుకున్నది కూడా నేనే, అదీ నా ఖర్మ.

ఎందుకు కట్టానో ముందు చెప్పాలి. లేకపోతే తప్పంతా నాదే అనుకుంటారు, మా ఇంట్లో అనుకుంటున్నట్టే.

ఇంటి వెనక ఎకరన్నర నేల, పదకొండు గొర్రెలు, ఒక పొట్టేలు. మా ఆయన లారీ మీద పోతే పది రోజులకి గానీ రాడు కాబట్టి వాటి మంచీ చెడూ నాదే. పోయిన వానల్లో ఐదు పిల్లలు పోయాయి. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడేది. రెండు రోజులు నిలబడేవి, మూడో రోజు కూలబడేవి. పశువుల డాక్టరమ్మ వచ్చి ఒక పిల్ల కనురెప్ప తిప్పి చూపించింది. లోపల ఎర్రగా ఉండాల్సింది సున్నం కొట్టిన గోడలా ఉంది.

"నట్టలు" అంది. "కడుపులో చేరి రక్తం తాగేస్తున్నాయి. మందు పోస్తే పోతాయి, రోజూ అదే గడ్డి మేస్తే మళ్లీ వస్తాయి. నువ్వు మార్చాల్సింది మందు కాదమ్మా, మేపే పద్ధతి."

పద్ధతి వినడానికి తేలికే. నేలని ఎనిమిది మడులు చెయ్యాలి. గొర్రెలన్నీ ఒకే మడిలో నాలుగు రోజులు మేస్తాయి, తర్వాత పక్క మడికి మారతాయి. చుట్టూ తిరిగి మొదటి మడికి వచ్చేసరికి దానికి ఇరవై ఎనిమిది రోజుల సెలవు దొరుకుతుంది. ఈలోగా గడ్డి కోలుకుంటుంది, దాని మీద కాచుక్కూర్చున్న నట్టల పిల్లలు చాలావరకు దిక్కులేక చస్తాయి. గొర్రెలు ఆశపడి వెనక్కి పోకుండా మధ్యలో తీగలు ఉండాలి, తీగలో కరెంటు ఉండాలి.

నన్ను తొమ్మిదో తరగతి మధ్యలో మాన్పించారు. చుట్టుకొలతల పాఠం దగ్గర ఆగిపోయింది నా చదువు. అయినా ఆ ఎనిమిది మడుల చుట్టుకొలత నేనే కట్టాను. కర్రలు నేనే పాతాను, ఒక్కొక్క కర్రకీ తీగ పట్టే ప్లాస్టిక్ బిళ్లలు రెండేసి నేనే బిగించాను. బుడ్డి, అంటే నా కూతురు, నాలుగేళ్లది, బిళ్లల డబ్బా మోసుకుంటూ నా వెనకే తిరిగింది. అత్తయ్య అరుగు మీద కూర్చుని, "ఇల్లు చక్కబెట్టుకోలేనిది గొర్రెలకి గదులు కడుతోందిట, వంటగది కూడా కట్టు తల్లీ" అని ఎవరొచ్చినా చెప్పి నవ్వేది.

కరెంటు అంటే గోడలో వచ్చే కరెంటు కాదు. మధ్యలో ఒక పెట్టె ఉంటుంది, ఝట్కా పెట్టె. గోడ కరెంటు దాంట్లోకి పోతుంది, తీగలోకి మాత్రం సెకనుకి ఒక్క దెబ్బ, రెప్పపాటు సేపు పంపుతుంది. తేలు కుట్టినట్టుంటుంది, చంపదు. డాక్టరమ్మ తన చెయ్యే పెట్టి చూపించింది. "గొర్రె ఒళ్లంతా బొచ్చు కదా, పాఠం ముక్కుతోనే చెప్పాలి" అంది. రెండు రోజుల్లో గొర్రెలన్నీ ముక్కుతో నేర్చుకున్నాయి. గొర్రెల పాక గోడకి ఆ పెట్టె టిక్కు టిక్కుమని కొట్టుకుంటూ ఉంటే, పోనీ, ఈ ఇంట్లో ఒకటైనా చెప్పిన పని చెప్పినట్టు చేస్తోంది అనుకునేదాన్ని.

ఎండలు ముదిరాక పొట్టేలు మాట వినడం మానేసింది. మేం దాన్ని దొరగారు అంటాం. దొరగారు తీగల మధ్య నుంచి దూరి అత్తయ్య చిక్కుడు పాదు మొదలంటా మేశారు. ఒకసారి కాదు, రెండుసార్లు. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే ఒక్క ముక్కలో చెప్పింది. "నేల ఎండిపోయింది, దెబ్బ సరిగా తగలట్లేదు. ఎర్తింగు రాడ్డు ఇంకా లోతుకి దించు, దాని మొదట్లో రెండు బిందెల నీళ్లు పొయ్యి." అంతే. రెండు బిందెల నీళ్లు. మర్నాడు బుడ్డికి టీకా ఉంది, వేయించుకుని వచ్చాక పెద్ద సుత్తి అడిగి తెచ్చుకుందాం అనుకున్నాను.

నేను అటు వెళ్లగానే అత్తయ్య పెద్దకొడుక్కి కబురు పెట్టింది.

మా బావగారు వైరింగ్ పని చేస్తారు. అందరూ ఫ్యూజు బావ అంటారు. ఆయన వేసిన ఫ్యూజు జన్మలో పోదు, దాని బదులు ఇల్లే పోతుంది. వెంట్రుకంత తీగ వెయ్యాల్సిన చోట అల్లిక సూదంత రాగి వేసి, "ఇక నీకు దిగుల్లేదు" అని భుజం తట్టి వెళ్తారు.

ఆ మధ్యాహ్నం ఆటో దిగి గేటు తీశానో లేదో, బుడ్డి నా చెయ్యి విదిలించుకుని గొర్రెపిల్లల దగ్గరికి పరిగెత్తింది. టీకా వేసిన చెయ్యి నొప్పి అని దారంతా ఏడ్చిన పిల్ల. నేను సంచులు దించుతూ ఆగాను. పెట్టె చప్పుడు లేదు.

చప్పుడు లేదంటే కరెంటు పోయి ఉండాలి. కానీ లోపల అత్తయ్య గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. పాక వైపు చూస్తే మూడో మడి అంచున ఒక గొర్రె పడి ఉంది. ముట్టె తీగ మీద ఉంది, కాళ్లు కర్రల్లా బిగుసుకున్నాయి. గోడ మీద పెట్టె లేదు. గోడలో ప్లగ్గు నుంచి నల్ల వైరు నేరుగా తీగకి పోయింది.

బుడ్డికీ తీగకీ మధ్య పది అడుగులు కూడా లేవు.

అరిస్తే ఆగదు, నా కూతురు సంగతి నాకు తెలుసు. "ఆగు" అంటే దానికి దొంగాట మొదలైనట్టే, నవ్వుకుంటూ ఇంకా జోరుగా పరిగెత్తుతుంది. గొంతు దాకా వచ్చిన కేకని మింగేశాను. వెనక్కి తిరిగాను. అవును, నా కూతురికి వీపు చూపించి, "సరేలే, నేను పోతున్నా, ఐస్ నేనొక్కదాన్నే తింటా, టాటా" అన్నాను, మామూలు గొంతుతో. గేటు వైపు నాలుగు అడుగులు వేశాను. ఆ నాలుగు అడుగులూ నేను చూడలేదు. నేను భయపడే ఆ ఒక్క నిమిషాన్ని నా అంతట నేనే తెచ్చుకుని నడిచాను.

"నాక్కూడా!" అని వెనక నుంచి వచ్చి నా కాళ్లకి చుట్టుకుంది.

దాన్ని చంకనేసుకుని, ఇంట్లోకి పోయి మెయిన్ ఆపేశాను. ఫ్యాన్ ఆగింది.

"ఎవరే ఆపింది, ఉడికి చస్తున్నాం" అంది అత్తయ్య.

"చచ్చేది మీరు కాదు" అన్నాను.

బావగారు అక్కడే ఉన్నారు, భోజనం చేసి మంచం మీద కాళ్లు చాపుకుని. "ఏమ్మా మరదలా, దొరగారి పొగరు దిగిందా?" అన్నారు. "ఆ పెట్టె ఉట్టి గడియారం. టిక్కు టిక్కుమంటుంది, పని మాత్రం సున్నా. ఇప్పుడు చూడు, ఒక్కటి దాటదు."

"ఒకటి నిజంగానే దాటదు బావగారూ. చచ్చి పడుంది. మీ తమ్ముడి కూతురు పది అడుగుల్లో ఆగింది."

దానికి ఆయన అన్న మాట నేను పోయేదాకా మరవను. "ఆగింది కదా. పోయింది గొర్రే కదా."

నా చేతిలో మందుల సంచి ఉంది. ఆయన ముఖాన విసిరాను. జ్వరం మందు సీసా మంచంకోడుకి తగిలి పగిలింది.

"పెద్దంతరం చిన్నంతరం లేదా!" అని అత్తయ్య లేచింది. "వాడు నీకు మేలు చేద్దామని వస్తే!"

"మేలా? రెండు బిందెల నీళ్లు పోస్తే అయ్యే పనికి ఇంటికి ఉరితాడు కట్టి కూర్చున్నాడు మీ కొడుకు. మీ చిక్కుడు పాదు కోసం!"

మా ఆయనకి ఫోన్ చేశాను. లారీ హోరులో అంతా విని, "అన్నయ్య కదే, పెద్దవాడు, కాస్త తగ్గు. నేను వచ్చాక మాట్లాడతా" అన్నాడు. బుడ్డి ఆగకపోయుంటే నువ్వు వచ్చాక ఎవరితో మాట్లాడేవాడివి అని అడిగాను.

ఫోన్ పెట్టేసరికి బావగారికి ధైర్యం వచ్చింది. చొక్కా మీద మందు తుడుచుకుంటూ, "ఊరికే గోల చేస్తావేంటి? నీ ఒక్కదానికే చేశానా? ఇంకా నాలుగు చోట్ల ఇలాగే కట్టాను, ఒక్కళ్లూ నోరెత్తలేదు" అన్నారు.

"నోరెత్తలేదంటే బతికే ఉన్నారా?"

ఆయన ముఖం అప్పుడు మారింది. అప్పటిదాకా ఆ మాట ఆయనకి తట్టనే లేదు. నాకు ఆయన మీద జాలి వెయ్యలేదు, ఇప్పటికీ వెయ్యట్లేదు.

కాగితం, పెన్సిలు చేతిలో పెట్టి నాలుగు చోట్ల గుర్తులూ రాయించాను. రాసేదాకా గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే స్కూటర్ వేసుకుని వచ్చింది, బుడ్డిని మధ్యలో కూర్చోబెట్టుకుని పోయాం. అత్తయ్య దగ్గర వదిలే ధైర్యం నాకు లేదు. మొదటి ఇంట్లో అప్పటికే తీసేశారు, వాళ్ల కుక్క చచ్చిందట. రెండో ఇంటాయన, "నా నేల, నా కరెంటు, మీకేంటి?" అని మీదకొచ్చాడు. వాళ్లావిడ లోపలికి పోయి ప్లగ్గు పీకి తెచ్చి మా చేతిలో పెట్టింది. మూడో చోట డాక్టరమ్మ నచ్చజెప్పింది, పెట్టె తెచ్చుకునేదాకా కట్టనని ఒట్టేశారు.

నాలుగోది దొరకలేదు. బావగారికి దారి తెలియదట. "ఎవరో బండి మీద తీసుకెళ్లారు, గంట పని, టీ తాగి వచ్చేశా" అన్నారు. ఒక మనిషి ఇంటి చుట్టూ చావు చుట్టి, ఆ ఇల్లు ఎక్కడో తెలియదన్నారు. ఆ బండాయన ఎవరంటే పేరు అడగలేదట. కరెంటు ఆఫీసుకి పోయాను. కౌంటర్లో ఉన్నాయన, "అడ్రసు లేకుండా ఏం వెతకమంటావమ్మా, అర్జీ రాసి ఆ బుట్టలో వెయ్యి" అన్నాడు. రాసి వేశాను. మూడు వారాలైంది. ఆ బుట్ట ఇంకా నిండలేదు కాబోలు.

మా మడుల్లో ఇప్పుడు మళ్లీ పెట్టె ఉంది. రాడ్డు నేనే దించాను, రోజూ నీళ్లు పోస్తున్నాను, దొరగారు దాటట్లేదు. బావగారు మా గడప తొక్కట్లేదు. దాని మీద అత్తయ్య నాతో మాట్లాడట్లేదు, ఆ మేరకు హాయిగానే ఉంది. కోపం మాత్రం పోవట్లేదు. గడ్డి కోస్తున్నా, పిల్లకి జడ వేస్తున్నా అదే. నేను చదువుకోనిదాన్నని నా మాట లెక్కచెయ్యని మనుషులు, చదువులేని నాకు తెలిసిన పాటి భయం కూడా తెలియకుండా ఇళ్ల చుట్టూ తీగలు కట్టుకుంటూ తిరుగుతున్నారు.

అందుకే ఇదంతా రాస్తున్నాను. బావగారికి గుర్తున్నది ఇంతే. ఎర్ర రేకుల పాక, తొమ్మిది గొర్రెలు, ఇంటి ముందు అమ్మకానికి పెట్టిన మొక్కల సంచుల వరసలు. ఒక ముసలామె, ఆమెకి ఇద్దరు చిన్న మనవలు. ఆమెకి చెవులు సరిగా వినపడవట. అలాంటి ఇల్లు మీరు వెళ్లే దారిలో ఎక్కడైనా ఉంటే, ఈ రోజే ఒకసారి ఆగండి. గేటు ముట్టుకోకండి, పిల్లల్ని వెంట తీసుకెళ్లకండి. బయటే నిలబడి గట్టిగా పిలవండి. ఆమె బయటికి వచ్చేదాకా, ఆ ఇద్దరు పిల్లలూ మీ కంటికి కనిపించేదాకా పిలుస్తూనే ఉండండి.